లేటు వాళ్లది, జీతం కోత మనోళ్లకా?

2025 అక్టోబర్ 29న రూల్ చెప్పారు, 30 నుంచి అమలన్నారు. నడుమ ఒక్క రాత్రి. అమెరికాలో వర్క్ పర్మిట్ మీద బతుకుతున్న వాళ్లకి, అందులోనూ హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వీసా ఉద్యోగుల జీవిత భాగస్వాములకిచ్చే వర్క్ పర్మిట్ కార్డు) మీద ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు ఆడపిల్లలకి అక్కడి హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ఇచ్చిన టైం అంతే. రెన్యువల్‌కి పెట్టుకుంటే పాత కార్డు 540 రోజుల దాకా దానంతటదే చెల్లుబాటయ్యే వెసులుబాటు పోయింది, 30కి ముందు పెట్టుకున్నోళ్లు మాత్రం గట్టెక్కారు.

ఆ 540 రోజులు ఎవరో దయతలచి ఇచ్చినవి కాదు. ఈ కార్డులిచ్చే అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసు యూఎస్‌సీఐఎస్ దగ్గర ఫైళ్లు గుట్టలుగా పేరుకుపోయి, కార్డులు టైంకి రాక జనం రోడ్డున పడుతుంటే 2022లో 180 రోజుల వెసులుబాటుని 540 చేశారు, 2024 డిసెంబర్లో పర్మినెంట్ చేస్తున్నామన్నారు. ఏడాది తిరక్కుండానే పీకేశారు. పోనీ ఫైళ్లు ఇన్ని రోజుల్లో కదుపుతామని ఎక్కడైనా రాసిచ్చారా? లేదు.

భద్రత కోసం అందరినీ మళ్లీ చెక్ చేయాలంటున్నారు. చేయండి, ఎవరొద్దన్నారు. వేలిముద్రలిచ్చి, పన్నులు కడుతూ కళ్లెదురుగా ఉన్నవాళ్లే కదా, తేడా ఉంటే కార్డు రద్దు చేసే అధికారం ఎలాగూ మీ చేతిలోనే ఉంది, వాళ్లు పనిలో ఉండగా చెక్ చేస్తే వచ్చే నష్టమేంటి?

ముందే అప్లై చేసుకోండన్న సలహా ఇంకా దారుణం. కార్డు గడువుకి 180 రోజుల కంటే ముందు పెట్టుకోనివ్వరు. మొదటి రోజే పెట్టినా ఆలోపు కొత్త కార్డు రాకపోతే ఆ ఆడపిల్ల చేసిన తప్పేంటి? కార్డు మీద తేదీ దాటిన మర్నాడు పొద్దున లాగిన్ అవ్వకూడదు, అయిందంటే కంపెనీ కూడా చట్టం తప్పినట్టే. ఇంటి లోను ఆగదు, సీటు పోకుండా పిల్లాడి డేకేర్ ఫీజు కట్టక తప్పదు. లేటు చేసింది ఆఫీసు, శిక్ష ఆమెకి.

అసలు 2015లో ఈ హెచ్-4 పర్మిట్ వచ్చిందే గ్రీన్‌కార్డు క్యూ కదలక. ఈబీ-2లో (పెద్ద చదువులున్న ఉద్యోగులకిచ్చే గ్రీన్‌కార్డు కోటా) ఇండియా వాళ్లకి ఈ రూల్ వచ్చేనాటికి 2013 నాటి దరఖాస్తులే నడుస్తుండేవి. ఈ పర్మిట్ కొట్టేయమన్న కేసుని అమెరికా సుప్రీంకోర్టు అదే 2025 అక్టోబర్లో విననంది, రెండు వారాలకే దొడ్డిదారిన ఈ దెబ్బ. జనం అభిప్రాయాలు అమలు మొదలయ్యాక అడగడమేంటి? దీన్ని ఊరుకుంటే రేపు ఇంకో పర్మిట్, ఇంకో రాత్రి. మంత్రులొస్తే శాలువాలు కప్పడానికి క్యూ కట్టే అక్కడి మన సంఘాలు ఇప్పుడైనా నోరు విప్పాలి.

180 రోజుల్లో కార్డు చేతిలో పెట్టడం యూఎస్‌సీఐఎస్ పని. అది చేతకానప్పుడు ఆమె జీతం జోలికి రాకండి.