సవరణ: పూతరేకుల్లో బాదం కాబూలుది కాదు

అమెరికా సేనలు 2021 ఆగస్టు 15న అఫ్గానిస్తాన్ వదిలాయని, ఆత్రేయపురంలో డ్రైఫ్రూట్ పూతరేకులకు వాడే బాదం అందుకే ప్రియమైందని మొన్న రాశాం. రెండూ తప్పే, క్షమించాలి. 15న జరిగింది కాబూల్ తాలిబాన్ల వశం కావడం. ఆఖరి అమెరికా సైనిక విమానం లేచింది 30 అర్ధరాత్రికి కాస్త ముందు.

ఇక బాదం. మన దేశం దిగుమతి చేసుకునేదాంట్లో ఎక్కువ భాగం కాలిఫోర్నియాదే. అఫ్గాన్ నుంచి ముఖ్యంగా వచ్చేవి అంజీర్, కిస్మిస్, ముడి ఇంగువ. ఆ ఆగస్టులో పాకిస్తాన్ మీదుగా రావాల్సిన సరుకు కొన్నాళ్ళు ఆగింది. అంతకన్నా గట్టి దెబ్బ డబ్బు దగ్గర తగిలింది: అఫ్గాన్ కేంద్ర బ్యాంకు అమెరికాలో ఉంచిన సుమారు 700 కోట్ల డాలర్లు స్తంభించిపోయాయి. బ్యాంకుల్లో నగదు కరువై అక్కడి వర్తకులకు చెల్లింపులే చిక్కయ్యాయి.

ముడి ఇంగువ ధర పెరిగినంతా పులిహోరలో వేసే డబ్బా ఇంగువకూ పెరుగుతుందన్నట్టు రాసిందీ సరిచేస్తున్నాం. డబ్బాలో వచ్చే ఇంగువలో ముడి జిగురు కొంతే, మిగతాది పిండి, తుమ్మబంక. కాబట్టి ముడిసరుకు పెరిగినంతా డబ్బా ధరలో కనిపించదు. ధర మారకుండా పోపులో ఘాటు తగ్గిందంటే, డబ్బా వెనక ముద్రించిన పాళ్ళు ఒకసారి చదవండి.