ప్లాస్మా తగిలిన ఆక్సైడ్: ఆ అమ్మోనియా ఎక్కడిదో ముందు తేల్చాలి

తెల్లటి టైటానియం డయాక్సైడ్ పొడిని హైడ్రోజన్ ప్లాస్మాలో (కరెంటుతో అయాన్లుగా విడగొట్టిన వాయువులో) ఉంచితే నల్లబడుతుంది. ఉపరితలం నుంచి కొంత ఆక్సిజన్ ఊడిపోయి ఖాళీలు ఏర్పడ్డాయనడానికి అదొక గుర్తు. నైట్రోజన్ గానీ నైట్రేట్ గానీ వచ్చి అతుక్కునేది ఆ ఖాళీల దగ్గరే. హేబర్-బాష్ పద్ధతిలో లాగా 400 డిగ్రీలకు పైన వేడి, వంద బార్లు దాటిన పీడనం అక్కర్లేకుండా, ఈ ఆక్సైడ్‌ను ఎలక్ట్రోడ్ మీద ఉత్ప్రేరకంగా (చర్యను వేగపరిచే పదార్థంగా) వాడి, కరెంటుతోనే అమ్మోనియా చేయొచ్చన్న ఆశకు మూలం ఇదే.

ప్లాస్మా దెబ్బ కొన్ని నానోమీటర్ల లోతుకు మించి దిగదు. పొడిని కుప్పగా పోస్తే పైపొర నల్లబడుతుంది, అడుగు తెల్లగానే మిగులుతుంది. పలచగా పరచాలి, మధ్యలో ఆపి కలియబెట్టాలి. గాలి తగిలాక కొన్ని ఖాళీలు మళ్లీ పూడిపోతాయి. ఎక్స్‌పీఎస్‌లో (ఉపరితలాన్ని ఎక్స్-కిరణాలతో చూసే పరీక్షలో) 531.5 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర శిఖరం కనబడగానే ‘ఇవిగో ఖాళీలు’ అనేస్తుంటారు. తేమ వల్ల అంటిన హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జంట) కూడా అక్కడే కనిపిస్తుంది. జతలేని ఎలక్ట్రాన్లను పట్టిచూపే ఈపీఆర్ పరీక్ష తోడు లేని ఆ లెక్క నా దృష్టిలో చెల్లదు.

అసలు చిక్కు నైట్రోజన్ ప్లాస్మాతో. అది ఆక్సైడ్‌లోకే నైట్రోజన్‌ను చొప్పిస్తుంది. కరెంటు పెట్టగానే అదే అమ్మోనియాగా బయటికొస్తుంది, గాలిలోని నైట్రోజన్ మారిందని మనం మురిసిపోతాం. అందుకే అదే వోల్టేజీలో, అంతే సేపు ఆర్గాన్‌తో ఒక పోలిక పరీక్ష (నైట్రోజన్ వాయువు ఇవ్వకుండా) నడపాలి. తర్వాత నైట్రోజన్-15 (మామూలు నైట్రోజన్ కన్నా కాస్త బరువైన ఐసోటోపు) వాయువు వాడాలి, దాన్నీ ముందు ఆమ్లంలోంచి పంపి, అందులో కలిసిన అమ్మోనియా పోయేలా శుభ్రం చేయాలి. ఎన్ఎంఆర్‌లో (అయస్కాంత క్షేత్రంలో అణువులను గుర్తించే పరీక్షలో) జంట గీతలొస్తే అది నైట్రోజన్-15 అమ్మోనియా. మూడు గీతలొస్తే మామూలుదే: చేతి తొడుగుదో, గదిలో గాలిదో, ఉత్ప్రేరకం కడుపులోదో.

నైట్రోజన్ అణువు బంధం తెంచాలంటే మోల్‌కు 945 కిలోజౌల్స్ కావాలి. నైట్రేట్‌తో అంత బాధ లేదు కాబట్టే రాగి ఆక్సైడ్ మీద పని ఎక్కువగా అటే సాగుతోంది. కానీ కాథోడ్ (ఎలక్ట్రాన్లు అందించే ఎలక్ట్రోడ్) మీద రాగి ఆక్సైడ్ త్వరగా రాగిగా మారిపోతుంది. ప్లాస్మాతో చేసిన ఖాళీలు అప్పటికి ఎన్ని మిగిలాయో చూపకుండా ఘనతంతా వాటికే కట్టబెట్టడం తొందరపాటు. పైగా పరిశ్రమలో నైట్రేట్ తయారయ్యేదే అమ్మోనియా నుంచి. కాబట్టి దీని చోటు నైట్రేట్ నిండిన వ్యర్థజలాల దగ్గరే తప్ప ఎరువుల కర్మాగారంలో కాదు.

లెక్క చూడండి. చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీఆంపియర్లు, ఒక్క ఎలక్ట్రానూ వృథా కాలేదనుకున్నా, నైట్రేట్ నుంచి చదరపు మీటరుకు రోజుకు వచ్చే అమ్మోనియా దాదాపు 1.9 కిలోలు. రామగుండం ఎరువుల కర్మాగారం అమ్మోనియా సామర్థ్యం రోజుకు 2,200 టన్నులు. దానికి సరితూగాలంటే 11 లక్షల చదరపు మీటర్లకు పైగా ఎలక్ట్రోడ్ కావాలి.