పది రోజుల్ల ఫిజిక్స్: షీట్ చదవాల్నా, లెక్క చెయ్యాల్నా?

నల్లగొండలో ఒక జూనియర్ కాలేజీ స్టాఫ్ రూం. నీట్‌కు పది రోజులు మిగిలినయి. స్టడీ అవర్లు ఎవరికెన్ని అన్నది తేలక బాటనీ మేడం, ఫిజిక్స్ సార్ టైం టేబుల్ ముందలేసుకొని కూర్చున్నరు.

మేడం: రోజుకు మూడు గంటలు మీకే ఎందుకో జర చెప్పుండ్రి సార్. బయాలజీ 90 ప్రశ్నలు, 360 మార్కులు. మీది 45 ప్రశ్నలు, 180 మార్కులు. రెండేండ్లల్ల రానిది పది రోజుల్ల వస్తదా? ఫార్ములా షీట్ చేతుల పెట్టుండ్రి, పొద్దుగాల ఒకసారి, రాత్రి ఒకసారి చూసుకుంటరు.

సార్: ఆ షీటే కొంప ముంచుతది మేడం.

మేడం: ఫార్ములా రాకుండ లెక్కెట్ల చేస్తరు?

సార్: ఫార్ములా వస్తది. ఏది ఎక్కడ పట్టాల్నో రాదు. కెపాసిటర్ (చార్జి దాచే రెండు ప్లేట్ల పరికరం) సంగతే చూడుండ్రి. చార్జి చేసి, బ్యాటరీ తీసేసి, ప్లేట్ల నడుమ డైఎలక్ట్రిక్ (కరెంటు పారని పలక) పెడితే ఎనర్జీ ఏమయితదని అడుగుతరు. పిల్లగానికి సగం సీవీ స్క్వేర్ తెలుసు, క్యూ స్క్వేర్ బై టూ సీ తెలుసు. సీ అంటే కెపాసిటెన్స్, వి అంటే వోల్టేజీ, క్యూ అంటే చార్జి. షీట్ల రెండూ పక్కపక్కనే ఉంటయి. వాడు మొదటిది పట్టుకుంటడు, సీ పెరిగింది కాబట్టి ఎనర్జీ కె (డైఎలక్ట్రిక్ స్థిరాంకం) రెట్లయిందని దిద్దుతడు. బ్యాటరీ లేనప్పుడు చార్జి ఎటు పోతది? ప్లేట్ల మీదనే ఉంటది. మారనిది క్యూ, కాబట్టి రెండోది పట్టాలె. ఎనర్జీని కె తోని భాగించాలె. బ్యాటరీ ఉంచితే మారనిది వి, అప్పుడు కె రెట్లు. ఇది షీట్‌ను వందసార్లు చదివినా రాదు. నాలుగు ప్రశ్నలు చేసి రెండు తప్పు పోతే వస్తది. స్క్రూ గేజ్ (సన్నటి వాటి మందం కొలిచేది) గూడ అంతే. మెయిన్ స్కేల్ 2 మి.మీ., తలకాయ స్కేల్ మీద 45వ గీత, లీస్ట్ కౌంట్ (ఒక్క గీత విలువ) 0.01. అంటే 2.45. జీరో ఎర్రర్ (నడుమ ఏం పెట్టకున్నా చూపించేది) ప్లస్ 0.03 ఉంటే తీసెయ్యాలె, 2.42. మనోళ్లు ప్లస్ గుర్తు చూసి కలిపేస్తరు. ఆ 2.48 ఆప్షన్లల్ల పెట్టే ఉంటది. షీట్ చదివితే అంతా వచ్చినట్టే అనిపిస్తది, అదే దాంతోని ప్రమాదం. మూసి తెల్లకాగితం మీద రాయమంటే సగం రాదు.

మేడం: సరే, చెయ్యాలె అంటున్నరు. చేసేటోళ్లు ఎవరు? బైపీసీ పిల్లలు. పదో తరగతి తర్వాత లెక్కల మొఖం చూసినోళ్లు కాదు. దేవరకొండ అవతల తండాల నుంచి వచ్చిన పిల్ల 6.63 ఇంటు టెన్ పవర్ మైనస్ 34 ను 3 ఇంటు టెన్ పవర్ 8 తోని గుణించి, కిందికి ఇంకో పవర్‌తోని భాగించేసరికి ఐదు నిమిషాలైతది. కాలిక్యులేటర్ ఇయ్యరు. ఆ ఐదు నిమిషాలల్ల నా ప్రశ్నలు పది చేస్తది, 40 మార్కులు.

ఈ మాటకు సార్ కొంచెంసేపు జవాబియ్యలేదు. అది అబద్ధం కాదు.

సార్: నిజమే. అందుకే ఆ గుణకారం చెయ్యనియ్యొద్దు. హెచ్‌సీ, అంటే మీరు చెప్పిన ఆ ప్లాంక్ స్థిరాంకం ఇంటు వెలుతురు వేగం, 1240 ఎలక్ట్రాన్ వోల్ట్ నానోమీటర్, అంతే గుర్తుంచుకోవాలె. వెలుతురు 400 నానోమీటర్లు అయితే 1240 బై 400, 3.1 ఎలక్ట్రాన్ వోల్ట్. వర్క్ ఫంక్షన్ (లోహం నుంచి ఎలక్ట్రాన్‌ను గుంజేదానికి కావాల్సిన ఎనర్జీ) 2.3 అయితే ఎలక్ట్రాన్‌కు 0.8 మిగిలె. పావు నిమిషం పని. ఎలక్ట్రాన్‌కు డీబ్రాయ్ తరంగదైర్ఘ్యం అడిగితే 12.27 బై రూట్ వి, ఆంగ్‌స్ట్రామ్‌లల్ల. 100 వోల్టులైతే 1.227. హైడ్రోజన్ ఎనర్జీ లెవెల్స్ 13.6, 3.4, 1.51, 0.85, అన్నీ మైనస్‌లల్లనే. తీగను సాగదీసి పొడుగు రెట్టింపు చేస్తే రెసిస్టెన్స్ నాలుగు రెట్లు, ఎందుకంటే పొడుగు రెట్టింపయితే అడ్డకోత వైశాల్యం సగమైతది. ఇసువంటివి లెక్కలు రాని పిల్ల గూడ చేస్తది.

మేడం: చూసిండ్రా, మీరూ బట్టీకే వచ్చిండ్రు!

సార్: బట్టీ వేరు, వాడుక వేరు మేడం.

మేడం: బట్టీని తక్కువ చెయ్యకుండ్రి. 2024ల పరమాణువు ప్రశ్న మీద సుప్రీంకోర్టు దాక పోలేదా? ‘ప్రతి మూలకం పరమాణువులు స్థిరంగా ఉంటయి’ అని పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంల ఉన్నది, కొత్తదాంట్ల ‘చాలా మూలకాల’ అని మార్చిండ్రు. మొదలు రెండు జవాబులకూ మార్కులిచ్చిండ్రు. ఐఐటీ ఢిల్లీ వాళ్లు చూసి కొత్త పుస్తకం ప్రకారం ఒక్కటే కరెక్టన్నరు, ర్యాంకులు మారినయి. అది మీ ఫిజిక్స్ ప్రశ్ననే. ఒక్క వాక్యం చదివినోళ్లకు నాలుగు మార్కులు.

సార్: సీనియర్ల పాత పుస్తకాలు చదివినోళ్లకు మొండిచెయ్యి. అందుకే ఎవరి దగ్గర ఏ ఎడిషన్ ఉన్నదో ఇయ్యాల్నే చూడాలె, మీ బయాలజీకి గూడ.

మేడం: నేను మొన్ననే చూసిన. ముందు మీ పిల్లల పుస్తకాలు చూసుకోండ్రి.

సార్: చూస్త. కానీ ఒక్క ప్రశ్న కోసం మిగిలిన 44 షీట్‌కు అప్పజెప్పలేం. ఇంకోటి, 2025 నుంచి చాయిస్ లేదు. అంతకుముందు బీ సెక్షన్‌ల 15కు 10 చేస్తే సరిపోయేది. ఇప్పుడు 180 నిమిషాలల్ల 180 ప్రశ్నలు. మీకు 50, కెమిస్ట్రీకి 50 పోయి, ఓఎమ్మార్‌కు, మళ్ల చూసుకునేదానికి 20 పోతే నాకు మిగిలేది గంట. ప్రశ్నకు 80 సెకండ్లు. అందుకే నేను అడిగేది రోజుకు 15 ప్రశ్నలు, 20 నిమిషాలు, గడియారం పెట్టి. తర్వాత 40 నిమిషాలు తప్పుల మీదనే కూర్చోవాలె. ఫార్ములా రాలేదా, తప్పు ఫార్ములా పట్టిండా, యూనిట్ మార్చలేదా, ప్రశ్నల ‘కానిది’ అన్న మాట చూడలేదా, పక్కనే రాయాలె. తెల్లారి ముందు ఆ తప్పులే, పుస్తకం మూసి. నిన్నటివి మళ్ల తప్పితే కొత్తవి ముట్టొద్దు.

మేడం: పరీక్షకు మూడు రోజుల ముందల టెస్టు పెట్టి, పిల్లకు 180కి 50 వస్తే? ఏడ్చుకుంట కూసుంటది, నిద్రపోదు. వచ్చిన బయాలజీ గూడ మర్చిపోతది. మీ 20 మార్కుల కోసం నా 40 పోతయి. గది మీరు ఆలోచించిండ్రా?

సార్: చివరి మూడు రోజులు టెస్టు వద్దు, ఒప్పుకుంటున్న. చేసిన తప్పులు చూసుకుంటే చాలు. అట్లనే 50 దాటని పిల్లలకు రొటేషన్ మొత్తం పట్టుకొమ్మని చెప్ప. వాలు మీద ముందు సాలిడ్ గోళం, తర్వాత డిస్క్, చివరికి రింగ్ దిగుతయని తెలిస్తే అక్కడికే ఆపమంట. ఆ టైం కరెంటుకు, సెమీకండక్టర్లకు, యూనిట్లకు, ఎర్రర్లకు ఇస్త.

మేడం: మూడు గంటలు మాత్రం ఇయ్య.

సార్: ఒకటిన్నర ఇయ్యుండ్రి. కానీ సాయంత్రం నాలుగింటికి కావాలె.

మేడం: ఈ ఎండలల్లనా? నాలుగింటికి రేకుల షెడ్ల కూసోబెడతరా?

సార్: పరీక్ష రెండింటి నుంచి ఐదింటి దాక. చాలమంది బయాలజీ ముందు చేసి ఫిజిక్స్ చివరికి ఉంచుకుంటరు, అంటే నాలుగింటికే దాన్ని ముట్టుకుంటరు. తల అలసిపోయినంక లెక్క చేసుడు అప్పుడే అలవాటు కావాలె. షెడ్డు వద్దు, కింద లైబ్రరీల కూసోబెడత.

మేడం: నాలుగు నుంచి ఐదున్నర రాసుకోండ్రి. పొద్దుగాల ఆరు నుంచి పది మొత్తం నాదే, దాంట్ల ఫిజిక్స్ కాగితం కనిపిస్తే గుంజుకుంట.