త్రికోణం గుర్తున్న ప్రతి కవరూ రీసైకిల్ అవుతుందా?

శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. కవరు మీద త్రికోణం గుర్తుంటే రీసైకిల్ అవుతుందట. చిప్స్ కవర్లు, షాంపూ ప్యాకెట్లు ఇప్పుడు డీజిల్ అయిపోతున్నాయట. మనం చెత్త వేరు చేసి ఇవ్వకపోవడమే అసలు సమస్యట. వేరు చేయమనడం మంచి మాటే. మిగతాది నమ్మితే మాత్రం, నిలదీయాల్సిన వాళ్లను వదిలేసి మనల్ని మనమే తిట్టుకుంటాం.

ముందు గుర్తు సంగతి. త్రికోణంలో అంకె వేసే పద్ధతిని 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ పెట్టుకుంది. అది ఏ రకం ప్లాస్టికో చెబుతుంది, అంతే. రీసైకిల్ అవుతుందన్న హామీ అందులో లేదు. 1 అంటే నీళ్ల బాటిల్ చేసే పెట్. 7 అంటే 'ఇతరాలు'. పొరలు పొరలుగా అతికించిన కవర్ల మీద ఎక్కువగా కనిపించేది ఈ 7.

నమ్మకం కుదరకపోతే పాత సామాన్ల బండి అబ్బాయిని అడగండి. బాటిళ్లు తీసుకుంటాడు, చిప్స్ కవర్లు వద్దంటాడు. కవరు చింపి చూస్తే కారణం తెలుస్తుంది. పైన రంగుల అచ్చున్న ఫిల్మ్, దాని వెనక వెండిలా మెరిసే అల్యూమినియం పూత, లోపల సీలు పట్టడానికి ఇంకో ప్లాస్టిక్ పొర, మధ్యలో జిగురు. ఆ పూత మందం మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదో వంతు కూడా ఉండదు. ఇవేవీ ఊరికే పెట్టినవి కావు. పలాస జీడిపప్పు పౌచ్‌లోకి గాలి చొరబడితే పప్పు మెత్తబడి నూనె కంపు కొడుతుంది. చిక్కల్లా ఆ పొరలను మళ్లీ విడదీయడంలోనే. ఇలాంటి పొరల్లో వాడే పాలిథిన్ 110-130 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, పెట్ కరగాలంటే 250 దాటాలి. రెండూ కలిపి కరిగిస్తే వచ్చే ముద్దతో మళ్లీ కవరు తయారు కాదు.

డీజిల్ మాటలో సగం నిజముంది. గాలి తగలకుండా వేడిచేసి నూనె తీసే పైరాలిసిస్ పద్ధతి ఉంది. అయితే దానికి శుభ్రమైన పాలిథిన్, పాలీప్రొపిలీన్ కావాలి. పీవీసీ కలిస్తే యాసిడ్ పుట్టి యంత్రాలను తినేస్తుంది. పైగా ఆ నూనెను మండించేశాక కవరు తిరిగొచ్చేదెక్కడ? కవర్ల చెత్త బాధ్యత కంపెనీలదేనంటూ మన దేశం 2022లో తెచ్చిన ఈపీఆర్ మార్గదర్శకాలే నూనె తీయడాన్ని, రోడ్లలో కలపడాన్ని, సిమెంట్ బట్టీల్లో కాల్చడాన్ని రీసైక్లింగ్ కింద కాకుండా తుది పారవేత కింద చూపించాయి.

ఇక తప్పంతా జనానిదే అన్న మాట. ఇది విన్నప్పుడే నాకు ఎక్కువ బాధ. పంచాయతీ చెత్త కేంద్రంలో ముక్కు మూసుకుని వేరు చేసే గ్రీన్ అంబాసిడర్‌కు ఈ కవర్లు విడిగా తీసిపెట్టడం తెలుసు. కొనేవాడే లేడు. రీసైకిల్ కాని బహుళ పొరల ప్లాస్టిక్‌ను రెండేళ్లలో ఆపేయాలని కేంద్రం తెచ్చిన 2016 ప్లాస్టిక్ చెత్త నిబంధనలు చెప్పాయి. 2018లో ఆ వాక్యాన్ని సవరించారు. ఇంధనంగానో మరో పనికో కూడా పనికిరానివాటినే ఆపాలన్నారు. ఆ సందులోంచి దాదాపు అన్నీ బయటపడ్డాయి. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై 2022 జూలై 1న వచ్చిన నిషేధంలో ప్లాస్టిక్ స్ట్రాలు ఉన్నాయి, షాంపూ సాచెట్లు లేవు.

దారి లేకపోలేదు. పొరలన్నీ ఒకే జాతి ప్లాస్టిక్‌తో చేసే పౌచ్‌లు మార్కెట్లోకి వస్తున్నాయి. 2030 నాటికి ప్యాకేజింగ్ అంతా రీసైకిల్ అయ్యేలా ఉండాలని యూరప్ చట్టం చేసింది. మన దగ్గర అల్యూమినియం లాంటి పొర కలిసిన కవర్లలో 2027-28 నాటికి 60 శాతం రీసైకిల్ చేయించాలని కంపెనీలకు లక్ష్యం పెట్టారు. ఆ 60 శాతంలో మన చెత్త కేంద్రాల్లో మూలుగుతున్న బస్తాలు ఎన్ని ఉంటాయో కవరు మీద పేరు అచ్చేసుకున్న కంపెనీలే చెప్పాలి.