శ్రీ 'అడిగితే ఇస్తాం' గారికి

మహారాజశ్రీ 'అడిగితే ఇస్తాం' గారి దివ్యసముఖానికి,

విశాఖపట్నం నుంచి ఒక రీసెర్చ్ స్కాలర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీరు కుశలమేనని నాకు తెలుసు. నిన్న మధ్యాహ్నం రెండు నుంచి అయిదున్నర దాకా మీరున్న బీరువా ఎదురుగానే కూర్చున్నాను. ఒంటి మీద దుమ్ము తప్ప మీకే లోటూ లేదు.

ప్రతి రీసెర్చ్ పేపర్ చివర ఒక్క వాక్యంగా కొలువై ఉంటారు తమరు. 'ఈ పేపర్ తాలూకు డేటా సహేతుకంగా అడిగినవారికి ఇవ్వబడును.' నాలుగు మెయిళ్లు పెట్టాను. మొదటి మూడూ సహేతుకంగా లేవు కాబోలు. నాలుగోదానికి జవాబొచ్చింది: బుధవారం మధ్యాహ్నం రండి, హార్డ్ డిస్క్ తెచ్చుకోండి.

తెచ్చుకున్నాను. నాలుగు టెరాబైట్లది, సొంత డబ్బుతో, ఎందుకంటే రీసెర్చ్ ఖర్చులకిచ్చే కంటింజెన్సీ డబ్బు ఏప్రిల్ నుంచి 'ప్రాసెస్‌లో' ఉంది (ఆ 'ప్రాసెస్' గారికి వేరే ఉత్తరం రాస్తాను). మద్దిలపాలెంలో బస్సెక్కి, ఆ ఉక్కలో చెమటకి తడిసి ముద్దయి ల్యాబ్‌కి చేరాను. ఏ ల్యాబో చెప్పను.

"సారు లేరమ్మా. అనకాపల్లిలో పెళ్లికెళ్లారు," అన్నాడు అటెండర్ బాబాయ్.

"మరి హార్డ్ డిస్క్?"

"బీరువాలోనే ఉంటాదమ్మా. తాళం సారు దగ్గరుంటాది."

స్కూటర్ తాళం, ఇంటి తాళం, బీరువా తాళం అన్నీ ఒకే గుత్తికి ఉన్నాయట. అంటే ప్రభుత్వ గ్రాంటుతో తీసిన ఎలుక మెదడు కణాల బొమ్మలన్నీ ఆ పూట సారు జేబులో, అనకాపల్లిలో, రెండో బంతి భోజనాలకి కూర్చున్నాయి. ఎలుకల మేతకి ఎంతయిందో పైసలతో సహా యుటిలైజేషన్ సర్టిఫికెట్‌లో చూపించాలి. ఆ ఎలుకల మెదళ్లు ఏ బీరువాలో ఉన్నాయో మాత్రం నన్నింతవరకు ఒక్కరూ అడగలేదు.

ఖాళీగా కూర్చోలేక ఫోన్ తీశాను. చెన్నై ఐఐటీ వాళ్లు 2024 డిసెంబర్‌లో ఆన్‌లైన్‌లో పెట్టిన 'ధరణి' అనే మెదడు అట్లాస్ తెరిచాను. గర్భస్థ శిశువుల మెదళ్లని పొరలు పొరలుగా కోసి, 5,132 ముక్కల్ని డిజిటల్ చేసి, ఎవరైనా చూసుకోండని వదిలేశారు. చెన్నైలో ఉన్న మెదడు నా అరచేతిలో ఉంది. నాలుగడుగుల్లో ఉన్న మెదడుకి తాళం.

అమెరికా ప్రభుత్వం 2017లో మెదడు కణాల జనాభా లెక్కలు మొదలుపెట్టినప్పుడు, కణాలు లెక్కపెట్టేవాళ్లకే కాదు, ఆ లెక్కలన్నీ ఒకచోట చేర్చి, సర్ది, అందరికీ అందించేవాళ్లకీ విడిగా డబ్బిచ్చింది. ఎందుకంటే ఒకే కణానికి ఒక ల్యాబ్ ఆకారం చూసి ఒక పేరు పెడుతుంది, ఇంకో ల్యాబ్ జన్యువులు చూసి మరో పేరు పెడుతుంది. రెండూ ఒకటేనని తేల్చాలంటే రెండు డేటాలూ ఒకే చాప మీద కూర్చోవాలి కదా. 2023 అక్టోబర్‌లో 21 పేపర్లు ఒకేసారి వచ్చాయి, మనిషి మెదడులో మూడు వేలకు పైగా కణాల రకాలు తేలాయి. అక్కడంతా పాలూ తేనే అనను. ఆ లెక్కలు తీయించే 'బ్రెయిన్ ఇనిషియేటివ్' అనే మెదడు పథకానికి 2023లో 68 కోట్ల డాలర్లు, 2024లో 40 కోట్ల చిల్లర. కత్తెర అక్కడా ఉంది. మన దగ్గర కూడా జీవశాస్త్ర డేటా భద్రపరచడానికి ప్రభుత్వమే 2022లో ఫరీదాబాద్‌లో ఒక కేంద్రం తెరిచింది. అంత దూరం ప్రయాణం మీ ఒంటికి పడదని అర్థమైంది.

మీ వంశచరిత్ర కూడా చదివానండోయ్. అడిగితే ఇస్తామన్న 1,792 పేపర్ల వాళ్లని ఎవరో నిజంగానే అడిగి చూశారు. 93 శాతం మంది ఇవ్వలేదు, లేదా పలకనే లేదు. ఆ లెక్కన నాకు జవాబు రావడమే మహాభాగ్యం.

నాలుగింటికి బాబాయ్ టీ తెచ్చాడు. అప్పటికి బీరువా తలుపు నాకు కంఠతా వచ్చేసింది. ఆకుపచ్చ రంగు, సింహాద్రి అప్పన్న స్టిక్కర్, దాని కింద మార్కర్‌తో 'మెదడు-2'. ఆ అప్పన్న కూడా ఏడాది పొడుగునా చందనంలో ఉండి, అక్షయ తృతీయ నాడు ఒక్కరోజైనా నిజరూపం చూపిస్తాడు.

"మరి మెదడు-1 ఏదీ బాబాయ్?"

"అది పాత బిల్డింగ్‌లో ఉండీదమ్మా. హుద్‌హుద్‌కి తడిసిపోనాది."

టీ గ్లాసు కింద పెట్టేశాను.

2014 అక్టోబర్ 12. ఊరికి ఆ రోజు ఏం జరిగిందో ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. కిటికీ ఊడింది, రాత్రంతా వాన బీరువాలోకి కొట్టింది, హార్డ్ డిస్క్‌లు, స్లైడ్లు, రికార్డు పుస్తకం అన్నీ నానిపోయాయి. నాలుగేళ్ల పనట. రెండో కాపీ లేదు. ఏ పిల్ల రాత్రిళ్లు మైక్రోస్కోప్‌కి కళ్లప్పగించి మెదడు కణాల ఒక్కో కొమ్మా గీసిందో, ఎన్ని ఎలుకలు చచ్చాయో, ఎవరి పన్నుల డబ్బో. తుఫాను మీద నెట్టకు. నిన్నే అంటున్నాను. ఒక్క కాపీ ఇంకో ఊళ్లో ఉంటే ఏమయ్యేది? ఎవరో అడిగే ఉంటారు, నువ్వు ఇవ్వలేదు. ఇచ్చుంటే ఈపాటికి అది బతికుండేది. 'ఇస్తాం' అనడానికి సిగ్గులేదూ? 'ఇవ్వం' అని రాస్తే బస్సు చార్జీలైనా మిగిలేవి.

అయిదున్నరకి సారు ఫోన్ ఎత్తారు. వెనక సన్నాయి వినిపిస్తోంది. "అయ్యో, ఇవాళేనా బుధవారం? సోమవారం రా అమ్మా."

రాత్రి ఇంటికొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టబోతుంటే మెయిల్ వచ్చింది. తిరుపతిలో ఎవరో అబ్బాయి, నిరుడు వచ్చిన నా పేపర్ తాలూకు డేటా కావాలంటున్నాడు. నా పేపర్ చివర చూసుకున్నాను. తమరే ఉన్నారు, ఆ ఒక్క వాక్యంగా. గైడ్ గారు పెట్టమన్నారు, పెట్టేశాను. ఆ అబ్బాయి మెయిల్ చాలా సహేతుకంగా ఉంది.

ఇచ్చేద్దామని లేచాను. నా పాత హార్డ్ డిస్క్ అమ్మ బీరువాలో, పట్టుచీరల కింద భద్రంగా ఉంది. తాళం అమ్మ దగ్గరుంది. అమ్మ శ్రీకాకుళం వెళ్లింది.

ఇట్లు,
తమ బాధితురాలు