పుష్యరాగాన్ని పరీక్షించమన్నది పురాణమే

పెళ్లి ఆలస్యమైనా, పిల్లలు కలగకపోయినా, చదువు సాగకపోయినా మన ఇళ్లలో వినిపించే మాట ఒకటే. గురుబలం తగ్గింది, కనకపుష్యరాగం పెట్టించండి. బంగారంలో పొదిగించి, గురువారం పొద్దున, చూపుడు వేలికి. ఇదంతా అందరికీ తెలిసిందే. నా బాధ ఆ రాయి కొనేటప్పుడు మనం అడగని ప్రశ్న గురించి.

మా చెల్లికి సంబంధాలు కుదరని రోజుల్లో నాన్న అప్పు చేసి నాలుగు క్యారెట్ల రాయి తెచ్చారు. జాతకం చూసినాయనే రాయీ అమ్మాడు. బిల్లు లేదు. కొన్నేళ్ల తర్వాత ఉంగరం వదులు చేయించడానికి వెళితే, కంసాలి ఆయన దాన్ని భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నాడు. నిమ్మపండు రంగు మధ్యలో సూదిమొనంత గుండ్రటి గాలి బుడగలు, వరసగా. పక్కనే వంపు తిరిగిన సన్నటి చారలు. మంటలో పొడి కరిగించి మనుషులు తయారుచేసిన రాళ్ల గుర్తులవి. ఆ పద్ధతిని ఫ్రాన్స్‌లో వెర్నూయ్ 1902లోనే ప్రకటించాడు.

అసలు రాయి గొప్పదే, కాదనను. కెంపు, నీలం, కనకపుష్యరాగం మూడూ కోరండం అనే ఒకే ఖనిజం. క్రోమియం చేరితే కెంపు, ఇనుము టైటానియం కలిస్తే నీలం, ఇనుముతో ఈ పసుపు. గట్టిదనంలో మోస్ కొలమానం మీద 9, దానికి పైన వజ్రమొక్కటే. పుష్యరాగం పేరుతోనే చలామణి అయ్యే టోపాజ్ వేరే ఖనిజం, దాని గట్టిదనం 8. శ్రీలంకలో రత్నపుర చుట్టుపక్కల గులకరాళ్ల పొరల్లో దొరికే పాలిపోయిన రాళ్లను భట్టీలో కాల్చి రంగు తెప్పిస్తారు. 2000 తర్వాత థాయ్‌లాండ్ నుంచి, రంగు కోసం బెరీలియం అనే మూలకాన్ని పట్టించి కాల్చినవీ వచ్చాయి. వాటిని భూతద్దం పట్టలేదు, పెద్ద ల్యాబే తేల్చాలి.

నమ్మకానికి ల్యాబ్ రిపోర్టు ఎందుకు, మనసు కుదుటపడితే చాలదా అని కొందరంటారు. మనశ్శాంతిని నేను తక్కువ చేయను. కానీ సహజమైన, దోషం లేని రాయి అయితేనే ఫలిస్తుందని చెప్పేది రాయి అమ్మేవాళ్లే కదా. ఆ మాట మీద డబ్బు తీసుకున్నాక రుజువు చూపించాల్సిన బాధ్యతా వాళ్లదే.

పరీక్ష అడిగితే అపచారం అనుకునేవాళ్లు గరుడ పురాణం తెరవాలి. బలాసురుడి చర్మం హిమాలయాల మీద పడి పుష్యరాగాలు పుట్టాయని, అవి స్త్రీలకు సంతానమిస్తాయని చెప్పిన గ్రంథమది. అందులోనే ఇంకో మాట ఉంది. ఇనుము, పుష్యరాగం, గోమేధికం, వైడూర్యం, స్ఫటికం, గాజు వాడి నేర్పరులు నకిలీ వజ్రాలు చేస్తారట, అందుకే పరీక్షించి తీరాలట. మన పుష్యరాగాన్నే దొంగ వజ్రంగా అమ్మిన రోజులున్నాయన్నమాట! మహిమ చెప్పిన పుస్తకమే మోసమూ చెప్పింది. మనం మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేశాం.

వదిలేసింది రాళ్ల విషయంలోనే కాదు. గురువు దగ్గర జ్ఞానం పొందే దారుల్లో నమస్కారం, సేవలతో పాటు 'పరిప్రశ్న'ను, అంటే గుచ్చి గుచ్చి అడగడాన్ని కూడా చేర్చింది గీత. మన ఇంటర్ కాలేజీల్లో డౌట్ అడిగిన పిల్లాణ్ని ముందు సిలబస్ అవ్వనివ్వు అని కూర్చోబెడతారు. రెండేళ్లు అలా నోరు మూసుకున్నవాడు రేపు డాక్టర్ని అడగడు, బ్యాంకు కాగితం చదవడు, కూతురి పెళ్లి టెన్షన్‌లో ఉన్నప్పుడు ఎవరేం చేతిలో పెడితే అది పుచ్చుకుంటాడు. గురుగ్రహం రాయి కొనేచోట గురువు నేర్పాల్సిన మొదటి పాఠమే కరువైంది.

జాతకం చూసేవాళ్లు రాళ్లు అమ్మకూడదు. చట్టం వచ్చేదాకా ఆ నియమం మనమే పెట్టుకోవాలి. రాయి ఎవరి దగ్గర కొన్నా సహజమా, కాల్చిందా, బెరీలియం పట్టించిందా అన్నది బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే ఆ రాయి బల్ల మీదే పెట్టేసి లేచి రండి.