95, 96 టెర్మినళ్ల దగ్గర కాపురముంటున్న ఓవర్‌లోడ్ రిలే గారికి

అయ్యా,

కొబ్బరి మట్టలు పొడిచేసే మా ఏడున్నర హెచ్‌పీ చిప్పర్ స్టార్టర్ డబ్బాలో, మోటారుకు కరెంటు కలిపి తెంపే కాంటాక్టర్ కింద, మోటారు మోతాదు మించి కరెంటు లాగితే ఆపేసే తమరు ఉంటున్నారు. అద్దె అడగలేదు, బూజు కూడా దులపలేదు. అయినా తోట నిండా మట్టలు పడి ఉండగా, పని మంచి ఊపులో ఉండగా, టక్కుమని మిషన్ ఆపేయడం తమరికి అలవాటైపోయింది. కోనసీమ రైతుకు కోపం తొందరగా రాదు. వస్తే ఇలా ఉత్తరం రాస్తాడు.

ముందు ఓల్టేజీ సంగతి. 415 రావాల్సిన చోట 340 వస్తోంది. స్తంభం నుంచి తోట చివరిదాకా సన్నటి కేబులు లాగింది మేమే, ఒప్పుకుంటాం, చవగ్గా వచ్చింది మరి. ఓల్టేజీ తగ్గితే మోటారు తిప్పే బలం ఆ ఓల్టేజీ వర్గం (స్క్వేర్) లెక్కన పడిపోతుందట. 340 దగ్గర మూడింట రెండు వంతులే మిగులుతుంది. మట్ట మాత్రం సన్నబడదు కదా! అందుకని మోటారు పాపం నాలుగు ఆంపియర్లు ఎక్కువ లాగింది. చూసీచూడనట్టు ఊరుకోవచ్చుగా? తమరి లోపలి బైమెటల్ పట్టీలు (రెండు లోహాలు అతికించినవి) వేడెక్కి వంగిపోయాయి, 95కీ 96కీ మధ్య దారి తెగి, కాంటాక్టర్‌ను పట్టి ఉంచే కాయిల్‌కి కరెంటు తెగింది, కాంటాక్టర్ ఊడింది.

ఇంకోసారి మూడు ఫేజుల్లో ఒకటి పోయిందని గోల చేశారు. ఎలక్ట్రీషియన్ వచ్చి, మోటారు మూలుగుతుండగానే టెస్టర్ పెట్టి చూశాడు. మూడింటిలోనూ వెలిగింది. తెగిన ఫేజులోకి వైండింగ్ గుండా కరెంటు వెనక్కి వస్తుందనీ, ఫేజుకీ ఫేజుకీ మధ్య మీటరు పెట్టి ఓల్టేజీ చూడాలనీ ఆ టెస్టర్‌కి ఎవరు చెప్పాలి? కరెంటు బ్రహ్మాండంగా ఉందనీ, రిలేనే పాడైందనీ తీర్పు వచ్చింది. కాలిపోయిన ఫ్యూజు మాత్రం ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

అన్నిటికంటే మాకు మండింది కత్తుల విషయంలో. వాటికి పదును పెట్టి ఎన్నాళ్లయిందో తమరికెందుకు? తమరిది కరెంటు శాఖ, కత్తులది కమ్మరి శాఖ. పదును పోయిన కత్తి మట్టను కోయదు, నలుపుతుంది. పచ్చి మట్ట అయితే పీచు రోటరుకు చుట్టుకుంటుంది. ఆ బరువుకు మోటారు ఆంపియర్లు లాగితే తమరు పడిపోతారు. అప్పుడు మేం ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తాం. ఆయన కాయిల్ మార్చాడు, కాంటాక్టర్ మార్చాడు, చివరికి పుష్ బటన్లూ మార్చాడు. బెల్టు తీసి మోటారును ఉత్తగా తిప్పి చూస్తే తప్పు ఏ పక్కనుందో అక్కడికక్కడే తేలిపోతుంది. కానీ బెల్టు విప్పడం ఆయన శాఖ కాదు.

పడిపోయాకైనా వెంటనే లేస్తారా? చల్లారాలంటారు. రీసెట్‌ను బొటనవేలితో నొక్కాం, స్క్రూడ్రైవర్ పిడితో పొడిచాం. ఇంత పంతం మంచిది కాదు.

తమరి పక్కింటాయన, మూత దగ్గరి స్విచ్చి, ఎంత మారాడో చూడండి. మూత తెరిస్తే మిషన్ ఆగాలని పట్టుబట్టేవాడు. సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాక నోరెత్తడం లేదు. కరెంటు పోయి వస్తే చిప్పర్ తనంతట తానే తిరిగేలా ఆటో స్టార్టర్ కూడా పెట్టించాం. కరెంటు లేని టైములో ఇరుక్కున్న మట్ట పీకడానికి చెయ్యి పెట్టే కుర్రాళ్లు ఇప్పుడు చాలా చురుగ్గా పనిచేస్తున్నారు.

తమరు లేని డబ్బాల పుణ్యమా అని టౌన్లో కాలిపోయిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టే వైండింగ్ షాపుల వాళ్లు మేడల మీద మేడలు కడుతున్నారు. వాళ్లకు లేని బాధ తమరికెందుకు? ఇంకొక్కసారి టక్కుమన్నారో, 95కీ 96కీ మధ్య పెట్టడానికి వైరు ముక్క కత్తిరించి సిద్ధంగా ఉంచాం.

ఇట్లు,
చిప్పర్ వాడే రైతులందరి తరఫున

తా.క.: ఎన్ని ఆంపియర్లు దాటితే ఆపాలో తమరికి చెప్పే డయల్‌ను చివరిదాకా తిప్పేశాం. 11 ఆంపియర్లని మోటారు ప్లేటు మీద ఉంటుందని తమరు వాదించొచ్చు. మొన్న పండక్కి మోటారుకు పచ్చరంగు వేయించాం, ప్లేటుతో సహా.